పళ్ళు కనిపించే అర్హత

రాష్ట్ర ఉప్పు అభివృద్ధి సంస్థ మేనేజింగ్ డైరెక్టరు దివాకర పంతులు గారు లండన్ నుంచి కాకినాడకు తిరిగి వచ్చినప్పుడు ఉప్పు గురించిన జ్ఞానం ఏమీ వెంట తేలేదు. అది ఆయన తప్పు కాదు. ఉప్పు తయారీలో అధునాతన పద్ధతులు నేర్చుకు రమ్మని ప్రభుత్వం పంపిస్తే, అక్కడ నేర్పేవాళ్ళు సమ్మెలో ఉన్నారు. బయట వాన. పంతులు గారు దిగిన హోటల్లో చలి మంట పక్కన ఒక టెలివిజన్ పెట్టె ఉంది. అందులో సాయంత్రం పూట పాతకాలపు నలుపు తెలుపు హాస్యచిత్రాలు వేసేవారు. పంతులు గారు శిక్షణ కాలమంతా దాని ముందే కూర్చుని, శిక్షణ దిగ్విజయంగా ముగిసిందని సంతకం పెట్టి వచ్చేశారు.

గుండ్రటి నల్లటోపీల గుమాస్తాలు, గొడుగులు, టీ కప్పులు, నిబంధనలు చదువుతూ గోతిలో పడే అధికారులు. పంతులు గారు బొమ్మను చూసినదానికంటే బొమ్మ చూసేవాళ్ళను ఎక్కువగా చూశారు. వంటమనిషి, గదులు తుడిచే ఆవిడ గుమ్మంలో నిలబడి పొట్టలు పట్టుకుని నవ్వేవారు. లెక్కలు రాసే ఆయన కిసుక్కుమని ఊరుకునేవాడు. పెద్ద కుర్చీలో కూర్చునే తెల్లమీసాల పెద్దమనిషి మాత్రం కనురెప్ప కూడా కదిపేవాడు కాదు. ఆయన ఒకప్పుడు ఏదో దేశానికి గవర్నరుగా చేశాడట. ఆయనకు చెవుడేమోనన్న అనుమానం పంతులు గారికి రాలేదు. మనిషి పైకి వెళ్ళేకొద్దీ నవ్వు తగ్గుతుందనీ, తెల్లవాడు మన నెత్తిన అన్నేళ్ళు కూర్చోవడానికి కిటుకు అదేననీ ఆయనకు తేటతెల్లమైపోయింది. మూతపడుతున్న ఒక లైబ్రరీలో ఆ సినిమా రీళ్ళు ఒక పెట్టెడు సంపాదించి, శిక్షణ సామగ్రి అని రాయించి, ఓడలో వేయించారు.

ఆ సంస్థలో బులుసు కామేశం అసిస్టెంటు మేనేజరు. ఇంకా ఖాయం కాలేదు. ఖాయం కాకపోవడం కామేశానికి కొత్తేమీ కాదు. బడిలో మేష్టరుగా చేస్తే బడి ఎత్తేశారు. సహకార సంఘంలో చేరితే సంఘాన్నే రద్దు చేశారు. అతను కాలుపెట్టిన చోట ఉద్యోగాలు ఊడిపోతాయని అత్తవారి ఊరు అమలాపురంలో గట్టి నమ్మకం. "ఈసారి పర్మనెంటు అవుతుందండీ" అని మామగారికి మాటిచ్చి సుభద్రను కాపరానికి తెచ్చుకున్నాడు. కాపరం మొదలైందన్న మాటే గాని ఇద్దరికీ ఇంకా మాటలు పెగిలేవి కావు. ఆమె అన్నం వడ్డించేది, అతను తినేవాడు. "మజ్జిగ వెయ్యనా?" అంటే "వెయ్యి" అనేవాడు. ఆ రోజుకి సంభాషణ అదే.

పంతులు గారు ఆఫీసర్ల క్లబ్బులో మొదటి సినిమా వేయించిన శనివారం సాయంత్రం అందరూ కుటుంబాలతో సహా రావాలని ఉత్తర్వు. కామేశం సుభద్రను తీసుకువెళ్ళాడు. తెర మీద నల్లటోపీ దొర ఒకాయన ఒక పల్లెటూరి చెరువు కొలవడానికి వచ్చాడు. ఊరివాళ్ళకు నిబంధనలు చదివి వినిపిస్తూ వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. మోకాళ్ళదాకా నీళ్ళొచ్చాయి, చదువుతున్నాడు. రొమ్ముదాకా వచ్చాయి, పేజీ తిప్పాడు. పీకలదాకా వచ్చాయి, గొడుగు తెరిచాడు. చివరికి టోపీ ఒక్కటే నీళ్ళమీద తేలుతుంటే, దాని కిందనుంచి ఇంకా ఏదో నిబంధన బుడగలు బుడగలుగా వస్తోంది.

సుభద్ర నవ్వింది. మామూలు నవ్వు కాదు. ఆడపిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే నవ్వు అసలే కాదు. గోదావరికి వరదొచ్చినట్టు వచ్చింది. ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆమెను చూసి కామేశానికి కూడా పగ్గాలు తెగాయి. ఇద్దరూ ఇంటికి వెళ్ళేదాకా నవ్వుతూనే ఉన్నారు. ఇంటికి వెళ్ళాక కామేశం ఇత్తడి గిన్నె నెత్తిన బోర్లించుకుని, పంచాంగం చేత్తో పట్టుకుని, వెనక్కి వెనక్కి నడిచి నూతిగట్టు దగ్గర తొట్టిలో పడ్డాడు. సుభద్ర చతికిలబడి నవ్వింది. ఆ తరవాత వాళ్ళకు మాటలు కరువు కాలేదు. శనివారం ఎప్పుడొస్తుందా అని ఇద్దరూ ఎదురు చూడటం మొదలుపెట్టారు. కామేశం జీవితంలో అంత సుఖంగా ఎప్పుడూ లేడు.

అందుకేనేమో, పర్సనెల్ మేనేజరు విస్సంరాజు గారి కన్ను దానిమీద పడింది.

విస్సంరాజు గారు సంస్థ నిబంధనలన్నీ కంఠతా వచ్చిన మనిషి. సముద్రం పోటెత్తితే అది ఏ ఉత్తర్వు ప్రకారం పోటెత్తిందో వెతికే రకం. ఆయన ఎం.డి. గారి దగ్గర నిలబడి ఇలా విన్నవించారు: "సార్, మొన్నటి ప్రదర్శనలో తమరు నవ్వకమునుపే ఒక బంట్రోతు నవ్వియున్నాడు. తదుపరి తాత్కాలిక హోదాలో గల ఒక అధికారి సతీమణి, సీనియర్లందరినీ అధిగమించి నవ్వియున్నారు. ఈ విషయమై సంస్థలో స్పష్టమైన మార్గదర్శకములు లేవు."

పంతులు గారు లండన్‌లోని తెల్లమీసాల పెద్దమనిషిని తలచుకున్నారు. "మార్గదర్శకములు తయారు చేయుడు" అన్నారు.

వారం తిరగకుండా ఉత్తర్వు వెలువడింది. 'ఇందుమూలముగా తెలియజేయడమేమనగా' అని మొదలైన ఆ ఉత్తర్వు ప్రకారం, నాలుగో తరగతి ఉద్యోగులు పళ్ళన్నీ కనిపించేలా, పొట్ట కదిలేలా, పరిమితి లేకుండా నవ్వవచ్చు. గుమాస్తాలకు శబ్దం ఉంది గాని పొట్ట కదలరాదు. సూపరింటెండెంట్లకు పళ్ళున్నాయి, శబ్దం లేదు. అసిస్టెంటు మేనేజర్లు పెదవుల చివర్లు మాత్రం కదపవచ్చు. మేనేజర్లకు ఒక కనుబొమ. మేనేజింగ్ డైరెక్టరుకు ఏమీ లేదు. భార్యల నవ్వు భర్తల గ్రేడును మించరాదు. ప్రమోషన్ల సమయంలో ఈ విషయం పరిగణనలోకి తీసుకోబడును.

కాకినాడ అంతా దీన్ని చెప్పుకుని నవ్వుకుంది. సంస్థలో మాత్రం ఎవరూ నవ్వలేదు, ప్రమోషన్లు దగ్గర పడ్డాయి కాబట్టి. సూపరింటెండెంట్లు గోడ మీద అద్దం పెట్టుకుని నిశ్శబ్దంగా పళ్ళు ఇకిలించడం సాధన చేశారు. మేనేజరు హోదాకి దగ్గర పడ్డవాళ్ళు కనుబొమ ఒక్కటే ఎత్తడం నేర్చుకోవడానికి ఒక కూచిపూడి మేష్టారి దగ్గర చేరారు. ఉప్పుమళ్ళ మేనేజరు పాపయ్య గారికి ఎంత ప్రయత్నించినా రెండు కనుబొమలూ ఒకేసారి లేచేవి. ఆయన్ను మెడికల్ బోర్డుకు పంపారు. రెండో కనుబొమ అదుపు తప్పడం పుట్టుకతో వచ్చిన లోపమేననీ, విధి నిర్వహణకు అడ్డు కాదనీ బోర్డు తేల్చాక ఆయన కొబ్బరికాయ కొట్టారు.

దీనివల్ల ఎవరూ ఊహించని చిక్కొకటి వచ్చిపడింది. హాలు చప్పబడిపోయింది. అంత మంచి హాస్యచిత్రం వేస్తే హాలు శ్మశానంలా ఉండటమేమిటని పంతులు గారు అడిగారు. నవ్వే అర్హత నిండుగా ఉన్నది నాలుగో తరగతికే కనక, వాళ్ళంతా శనివారం సాయంత్రాలు వచ్చి తీరాలనీ, నవ్వి తీరాలనీ విస్సంరాజు ఇంకో ఉత్తర్వు తీశారు. బంట్రోతుల సంఘం నాయకుడు సింహాచలం ఆయన గదికి వచ్చాడు.

"మాకు నవ్వు రావట్లేదండి బాబూ" అన్నాడు. "ఆ దొర ఏం మాటాడతన్నాడో తెలవదు. పొద్దున్నుంచీ ఫైళ్ళు మోసి మోసి నడుం పడిపోతంది. ఆపైన సాయంత్రం పొట్ట కదిలేలాగ నవ్వమంటే ఎలాగండి?"

"నవ్వు మీకు ఇవ్వబడిన సౌకర్యం."

"ఆ సౌకర్యమేదో తవరు తీసుకోండి. మేం కనుబొమ తీసుకుంటాం."

"అది మీ గ్రేడుకు వర్తించదు" అన్నారు విస్సంరాజు.

చివరికి రాజీ కుదిరింది. విస్సంరాజు చెయ్యెత్తినప్పుడల్లా బంట్రోతులు నవ్వుతారు, దించగానే ఆపేస్తారు, సోమవారం పనికి ఆలస్యంగా వస్తారు.

ఇంతలో కామేశానికి మెమో వచ్చింది. అతని భార్య నవ్వు అసిస్టెంటు మేనేజరు స్థాయిని పదేపదే మించుతున్నదనీ, ఇదే కొనసాగితే ఖాయపరచే విషయం పునరాలోచించవలసి వచ్చుననీ దాని సారాంశం. దాన్ని జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్ళాడు. సుభద్ర గుమ్మంలోనే ఉంది.

"ఏవండోయ్, ఈవేళ పక్కింటి పిన్నిగారికి చెరువు దొర ఎలా మునిగాడో చేసి చూపించానండీ. గిన్నె సొట్టపోయింది. ఏంటలా ఉన్నారు?"

కామేశం మెమో చదివి వినిపించాడు. ఆమె మొదట నవ్వబోయింది. అతని మొహం చూసి ఆగిపోయింది.

"అంటే, నేను నవ్వకూడదాండీ?"

"పెదవుల చివర్లు కదపొచ్చు."

"అదేం నవ్వండీ? పంటినొప్పి వచ్చినట్టుంటుంది."

"సుభద్రా, నాకీ ఉద్యోగం కూడా పోతే మీ నాన్నగారికి మొహం చూపించలేను. పర్మనెంటు అయ్యేదాకా ఓపిక పట్టు. ఆ తరవాత నీ ఇష్టం."

ఆమె సరేనంది. ఆ శనివారం చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఆ తరవాత వారం కూడా అంతే. మూడో వారానికి ఇంట్లో కూడా నవ్వడం మానేసింది. "మజ్జిగ వెయ్యనా?" "వెయ్యి." ఇత్తడి గిన్నె అటకెక్కింది. తను చేసింది పాడుపని అని కామేశానికి తెలుసు. తెలిసీ ఏమీ చెయ్యలేక, అన్నం సయించక, ఆఫీసులో పెదవుల చివర్లు కదుపుకుంటూ తిరిగాడు.

అప్పుడు పంతులు గారికి మహత్తరమైన ఆలోచన వచ్చింది. చెరువులో మునిగిన దొర పాత్రధారి ఇంకా బతికే ఉన్నాడట. పేరు పెర్సీ విట్‌కోంబ్. ఆయన్ను వార్షికోత్సవానికి రప్పిస్తే? మునిగిపోతూ కూడా మొహంలో గీత మారని ఆ మహానుభావుడే మన పద్ధతికి సాక్షి అవుతాడు. ఉత్తరం రాశారు. టిక్కెట్టు పంపిస్తే అంటార్కిటికాకైనా వస్తానని పెర్సీ దొర జవాబు రాశాడు. ఆయనకు చాలా ఏళ్ళుగా ఎవరూ ఉత్తరం రాయలేదు.

అతిథి గృహంలో రాష్ట్ర మంత్రులు దిగే గది కేటాయించారు. సభ రోజున పెర్సీ దొరను ముందు వరసలో పంతులు గారి పక్కన కూర్చోబెట్టారు. ఎర్రటి బుగ్గలు, తెల్లటి జుట్టు, బొద్దుగా ఉన్న ముసలాయన. పంతులు గారు వేదిక మీద పది నిమిషాలు ప్రసంగించారు. "నవ్వకుండుటయే నవ్వుకు పరాకాష్ఠ. ఆ పరాకాష్ఠను అందుకున్న మహామనీషి మన మధ్య ఆసీనులై యున్నారు. ఇప్పుడు వారి చిత్రం వారి సమక్షంలోనే చూతము. వారు ఎట్లు నవ్వకుందురో అందరూ గమనించి నేర్చుకొనవలెను."

దీపాలు ఆర్పారు. బొమ్మ మొదలైంది. మేనేజర్లంతా మెడలు సాచి దొర వైపే చూస్తున్నారు. తెర మీద నల్లటోపీ దొర చెరువులోకి వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. మోకాళ్ళదాకా వచ్చాయి. రొమ్ముదాకా వచ్చాయి. హాల్లో చీమ చిటుక్కుమనలేదు. విస్సంరాజు చెయ్యెత్తడానికి సమయం చూస్తున్నారు.

కామేశం పక్కకు చూశాడు. సుభద్ర నోటినిండా కొంగు కుక్కుకుని ఉంది. మొహం కందగడ్డలా అయింది. కళ్ళనుంచి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. భుజాలు అదురుతున్నాయి. పర్మనెంటు ఉత్తర్వు మీద సంతకం మర్నాడు కావలసి ఉంది. కామేశం దాని గురించి ఒక్కసారి ఆలోచించాడు. తర్వాత చెయ్యి చాపి ఆమె నోట్లోంచి కొంగు లాగేశాడు.

"నవ్వు" అన్నాడు.

నెలల తరబడి అణచిపెట్టిన నవ్వు ఒక్కసారిగా హాలు పైకప్పుకు తగిలింది. దాని వెనకే కామేశం నవ్వు. పొట్ట కదిలింది, పళ్ళు కనిపించాయి, శబ్దం వచ్చింది, కుర్చీ కిర్రుమంది. విస్సంరాజు పైకెత్తబోయిన చెయ్యి గాల్లో నిలిచిపోయింది. ముందు వరసలో పెర్సీ దొర గభాలున వెనక్కి తిరిగాడు. సుభద్రను చూశాడు. మొహం వెలిగిపోయింది. అంతే, తన తొడలు తనే చరుచుకుంటూ, తెరమీద మునుగుతున్న తనను తనే చూపించుకుంటూ, దగ్గు వచ్చి పంతులు గారి భుజం మీద వాలిపోయేదాకా నవ్వాడు. ఎవరూ చెయ్యెత్తకుండానే బంట్రోతులు కూడా అందుకున్నారు. ఈసారి వాళ్ళకు నిజంగానే వచ్చింది.

మేనేజర్లు కనుబొమలు ఎత్తి, దించడం మరిచిపోయారు.

ఆ రాత్రే మేనేజర్ల కమిటీ కూర్చుంది. విస్సంరాజు తేల్చి చెప్పారు: "సదరు అతిథి పళ్ళు కనిపించునట్లును, పొట్ట కదులునట్లును, పరిమితి లేకుండగను నవ్వినట్లు అందరూ చూసియున్నారు. మన నిబంధనల ప్రకారం అట్టి నవ్వు నాలుగో తరగతికి చెందినది. కావున సదరు వ్యక్తి వారి దేశమున బంట్రోతు అయి ఉండవలెను. పొరపాటున మంత్రుల గది ఇచ్చియున్నాము."

"కాని ఆయన నటుడు కదా?" అని పాపయ్య గారు రెండు కనుబొమలూ ఎత్తి అడిగారు.

"నవ్వును బట్టి గ్రేడే గాని, గ్రేడును బట్టి నవ్వు కాదని ఉత్తర్వులో ఎక్కడా లేదు" అన్నారు విస్సంరాజు. దాని భావం ఎవరికీ బోధపడలేదు కాబట్టి ఏకగ్రీవంగా ఆమోదించారు.

తెల్లవారేసరికి పెర్సీ దొర సామాను బంట్రోతుల విశ్రాంతి గదికి చేరింది. పింగాణీ కప్పు పోయి స్టీలు గ్లాసు వచ్చింది. కామేశం సిగ్గుతో చచ్చిపోతూ క్షమాపణ చెప్పడానికి వెళ్ళాడు. అక్కడ దొర బల్లమీద బాసింపట్టు వేసుకుని, సింహాచలం తెచ్చిన పెసరట్టు అల్లప్పచ్చడితో తింటూ, ముక్కు తుడుచుకుంటున్నాడు. సంగతంతా విని ఇంకోసారి పడీ పడీ నవ్వాడు.

"బాబూ, మీ పెద్దవాళ్ళు తెరకు అవతలి పక్క ఉండేవాళ్ళ పని నేర్చుకున్నారు" అన్నాడు ఇంగ్లీషులో. "ఆ చెరువులో నేను నవ్వు ఆపుకుని చచ్చాను. ఎందుకనుకున్నావు? కుర్చీల్లో ఉన్నవాళ్ళు నవ్వాలని. నవ్వని హాలంటే మా వాళ్ళకు హడలు. నిన్న మొదట్లో మీ హాలు చూసి నా పని అయిపోయిందనుకున్నాను. మీ ఆవిడ కాపాడింది. ఆమెకు నా నమస్కారాలు చెప్పు." ఆయన ఇంకో పెసరట్టు అడిగాడు.

ఆ మధ్యాహ్నం కామేశానికి ఎం.డి. గారి గది నుంచి పిలుపు వచ్చింది. సుభద్ర కూడా వెంట వచ్చింది. "ఏదైనా ఇద్దరం కలిసే విందామండీ" అంది. ఆమెను వరండాలో బల్లమీద కూర్చోబెట్టి కామేశం లోపలికి వెళ్ళాడు. ఈ ఉద్యోగం కూడా పోయిందని అతనికి తెలుసు. కొంగు లాగినందుకు మాత్రం విచారం లేదు.

లోపల పంతులు గారు, విస్సంరాజు, పాపయ్య గారు, మిగిలిన మేనేజర్లు బారుగా కూర్చుని ఉన్నారు. విస్సంరాజు లేచి చదివారు.

"బులుసు కామేశం అను అసిస్టెంటు మేనేజరు యొక్కయు, అతని సతీమణి యొక్కయు నవ్వులు నాలుగో తరగతివని నిస్సందేహముగా రుజువైనందున, సదరు కామేశమును నేటినుండి నాలుగో తరగతి ఉద్యోగిగా ఖాయపరచడమైనది."

"ఖాయమా అండీ?" అన్నాడు కామేశం.

"ఖాయమే. నాలుగో తరగతిలో తాత్కాలికములు లేవు. ఇకపోతే నిబంధనల ప్రకారం ఖాకీ దుస్తుల నిమిత్తం కొలతలు తీసుకొనబడును. దర్జీ సెలవులో ఉన్నందున, కొలతలు ఈ కమిటీయే తీసుకొనును."

పాపయ్య గారు టేపు పట్టుకుని కామేశం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఇంకో మేనేజరు నడుము చుట్టూ చేతులు చుట్టారు. మూడో ఆయన కుర్చీ ఎక్కి మెడ కొలిచారు. విస్సంరాజు ఆ కొలతలను మంత్రాల్లా పైకి చదువుతున్నారు. ఒక్కరి మొహంలోనూ గీత మారలేదు. పాపయ్య గారి కనుబొమలు రెండూ నుదుటి మీద బిగుసుకుని ఉన్నాయి. టేపు ఆయన కళ్ళజోడుకు చుట్టుకుంది. ఆయన అలాగే, ఏమీ జరగనట్టు, "కాలి లోపలి కొలత" అని ప్రకటించారు.

తెరకు అవతలి పక్క అంటే ఏమిటో కామేశానికి అప్పుడు పూర్తిగా అర్థమైంది. వీళ్ళంతా నవ్వకుండా ఉన్నది తను నవ్వడానికే. ఎంత కష్టపడుతున్నారు పాపం! మొదట ముక్కులోంచి వచ్చింది. తరవాత పొట్టలోంచి వచ్చింది. టేపుతో సహా వంగిపోయి నవ్వాడు. బయట వరండాలో సుభద్ర సంగతేమీ తెలియకుండానే అందుకుంది. ఆమె నవ్వు కిటికీ ఊచల్లోంచి లోపలికి వచ్చి గదంతా తిరిగింది.

మేనేజర్లు విస్సంరాజు వైపు చూశారు. విస్సంరాజు ఉత్తర్వు వైపు చూశారు. "నాలుగో తరగతి. పరిమితి లేదు" అని నీరసంగా చెప్పారు.

బల్ల వెనక దివాకర పంతులు గారు కదలకుండా కూర్చుని ఉన్నారు. లండన్‌లో వానపడే సాయంత్రాల్లో ఆయన ఆ టెలివిజన్ ముందు కూర్చున్నప్పుడు ఎన్నిసార్లు నవ్వు వచ్చిందో, తెల్లమీసాల పెద్దమనిషిని చూసి ఎన్నిసార్లు మింగేశారో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆయన చెంపలు అదురుతున్నాయి. ముక్కుపుటాలు ఎగిరిపడుతున్నాయి. బల్ల అంచు రెండు చేతులా గట్టిగా పట్టుకున్నారు.

"విస్సంరాజు గారూ" అన్నారు. "చూడండి, నాకేమైనా ఉందా?"

విస్సంరాజు ఉత్తర్వు మొదటినుంచి చివరిదాకా మళ్ళీ చదివారు.

"తమకు ఏమీ లేదు సార్" అన్నారు.

పంతులు గారు దగ్గర ఉన్న ఫైలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అందరూ వెళ్ళిపోయాక కూడా అది చాలాసేపు వణుకుతూనే ఉంది.